లంక వైపు మొలక

నాంచారి కరెంటు ఎటు పోతోందో చూపే కంపనసూదిని నీటిబూజు తీగకు వెంట్రుకవాసి దూరంలో నిలిపి, "బయటికి," అంది. పక్క బల్ల దగ్గర యేసోబు కూడా తన తెర చూసి, "బయటికి," అన్నాడు. ఉప్పునీటి రొదలో ఆ సన్నని కరెంటును పోల్చుకోవడం మనిషి కంటికే చేతనవుతుంది. అందుకే నీటి కేంద్రం ఇద్దరి మాట అడుగుతుంది. ఇద్దరూ 'బయటికి' అంటే తీగను వదిలేస్తుంది. గొంతులు కలవకపోతే మాడ్పుసూది తనంతట తానే తీగ మీదికి దిగుతుంది.

కొల్లేరు ఉప్పుబారిన తర్వాత పట్నానికి మంచినీళ్లు మోస్తున్నది ఈ బూజే. ఉప్పును వెలుపలే వదిలేసి, బోలు తీగల్లో నీటిని లాక్కుపోతుంది. దానికి కళ్లూ లేవు, చెవులూ లేవు. ఎటు పెరగదలిస్తే అటునుంచి రవ్వంత కరెంటు లోపలికి తీసుకుంటుంది. మర్నాటికి అక్కడ మొలక వస్తుంది. కరెంటు బయటికి పోతుంటే మొలక రాదు. అక్కర్లేని మొలకను రాకముందే మాడ్చెయ్యడం వీళ్లిద్దరి ఉద్యోగం. ఇంకా పుట్టనిదాన్ని కాల్చడం నాంచారికి ఏనాడూ మింగుడుపడలేదు.

కొల్లేటి నడుమ ఉన్న లంక గట్టు దగ్గరి తీగకు వచ్చేసరికి తెర మీది ముల్లు అటు తిరిగింది. కరెంటు లోపలికి పోతోంది, అదీ గట్టిగా.

ఖాళీ చెయ్యమంటే కదలలేదని లంకకు నిరుడు నీళ్లు కట్టేశారు. నాంచారి అక్క అక్కడే ఉంది. ఉప్పునీళ్లు తాగి అక్క చిన్నకూతురికి ఒళ్లంతా ఉబ్బింది. చేపలు కడిగిన నీళ్లు ఇంటివైపు పొయ్యకూడదని లంక ఆడవాళ్ల ఆచారం, రోజూ గట్టు ఇవతలికే పారబోస్తారు. ఆ నీచు రుచికే బూజు వాళ్లవైపు తిరిగింది. పాపం, ఆ సంగతి వాళ్లకు తెలియను కూడా తెలియదు.

"బయటికి," అంది నాంచారి.

యేసోబు తెర చూశాడు, తర్వాత ఆమెను చూశాడు. మైకు మీద అరచెయ్యి మూశాడు.

"అక్కా, లోపలికి పోతంది."

"ఊఁ. నాకూ కనపడతంది."

"లంకోళ్లు తాగితే ముందు మా పేటలో కుళాయి సన్నబడుద్ది. మా ఇంటిది పచ్చి బాలింత."

"తెలుసు తమ్ముడూ. నిన్ను అబద్ధమాడమని అడగను. నా నోటితో మాత్రం ఆ మాట అనలేను, అంతే."

"రెండో గొంతు?" అని కేంద్రం అడిగింది. మాడ్పుసూది ఎర్రగా కాగి తీగకు కాస్త పైన ఆగి ఉంది.

యేసోబు ఆ ఎర్రని సూది వంక చూశాడు. మైకు మీంచి చెయ్యి తీశాడు.

"బయటికే," అన్నాడు.

సూది వెనక్కి పోయింది. యేసోబు మొహం తుడుచుకుని, "ఇంటికెళ్లి దానికేం చెప్పాలో నువ్వే చెప్పక్కా," అన్నాడు.

నాంచారి కంపనసూదిని తర్వాతి తీగ దగ్గరికి జరిపింది.