పోర్టర్ అని పంపిన బీరు

"రుచి అద్భుతం అని మీరే రాశారు. మార్కులు మాత్రం అడుక్కి తోసేశారు. ఏంటండీ ఇది?"

అమెరికాలోని డులూత్‌లో, ఇంట్లో కాచిన బీర్ల పోటీ ముగిసి కుర్చీలు మడుస్తుంటే, లోవెల్ హాగెన్ వచ్చి జడ్జి గ్రెటా సోబ్‌చాక్‌ను నిలదీశాడు.

"స్టౌట్ అనే నల్ల బీరు రకంలో పంపారు. స్టౌట్‌కి ఉండాల్సిన మాడు చేదు ఇందులో లేదు. ఇది పోర్టర్, నల్లదే గానీ చేదు తగ్గిన రకం. ఆ విభాగంలో పంపుంటే పతకం వచ్చేది."

"ఇది మా తమ్ముడు డేల్ రాసిపెట్టిన పద్ధతిలో కాచిందే. వాడు స్టౌట్ అన్నాడు."

"అయితే మీ తమ్ముడు పొరబడ్డాడు."

"వాడు జనవరిలో పోయాడండీ. ఇక్కడ ఒక్కసారైనా గెలవాలని వాడి కోరిక."

గ్రెటా మార్కుల కాగితం వెనక అతని చిరునామా రాసుకుంది.

ఆ తర్వాతి శనివారం ఆమె, లోవెల్ బీరు కాచే గరాజ్‌కు వచ్చింది. "సారీ చెప్పి పోదామని రాలేదు. గెలవడం నేర్పుతాను," అంది.

ఆ వేసవి శనివారాలన్నీ అలాగే గడిచాయి. సీసాలను వెలుతురు తగలకుండా చల్లగా దాచడం, పోటీ నాటికి బీరు తాజాగా ఉండేలా చూసుకోవడం, రుచి చూశాకే విభాగం తేల్చుకోవడం నేర్పింది.

"కళ్ళు మూసుకోండి. డేల్ పెట్టిన పేరు మర్చిపోండి. నాలుక ఏమంటోంది?"

లోవెల్ ఇంకో గుక్క తాగాడు. "పోర్టర్," అన్నాడు చివరికి. "వాడికి కోపం వస్తుందేమో."

"వస్తే నా మీద రానివ్వండి."

శరదృతువులో మళ్ళీ పోటీ. జడ్జీల బల్ల దగ్గర గ్రెటా లేదు. లోవెల్ వెతుక్కుంటూ బయటికొస్తే, ఎదురుగా ఉన్న సరస్సు వైపు చూస్తూ వానలో నిలబడి ఉంది.

"ఈసారి మిమ్మల్ని చీఫ్ జడ్జిని చేస్తామన్నారు కదా! ఎందుకు తప్పుకున్నారు?"

"జడ్జికి ఫలానావాళ్ళు గెలవాలని ఉండకూడదు లోవెల్. నాకుంది."

"మా బీరంటే అంత ఇష్టమా?"

"బీరు కాదు, మొద్దూ! నువ్వు."

లోవెల్ దగ్గరికి జరిగాడు. తడిసిన ఆమె చేతిని తన రెండు చేతుల్లోకి తీసుకున్నాడు. "శనివారం ఎప్పుడొస్తుందా అని వారమంతా చూస్తున్నాను, గ్రెటా," అన్నాడు మెల్లగా.

అంతలో లోపల మైకు పలికింది. "పోర్టర్ విభాగం, మూడో స్థానం... లోవెల్ హాగెన్!"

"వెళ్ళు, పిలుస్తున్నారు."

"ఇద్దరం వెళ్దాం."

తడిబట్టలతోనే వేదికెక్కారు. పతకం అందిస్తూ పోటీ నడిపే పెద్దాయన అడిగాడు: "బాగుందయ్యా! ఎవరు నేర్పారు?"

"మా తమ్ముడు..." అంటూనే ఏడ్చేశాడు. డేల్ పోయాక లోవెల్ ఏడవడం అదే మొదటిసారి.

అంతమంది ముందూ గ్రెటా అతని చెయ్యి వదల్లేదు.