ఐదో నెల గ్రహణం

ఉక్కునగరం క్వార్టర్లో ఆ ఉదయం కుక్కర్ కూత కన్నా సన్యాసమ్మ గొంతే పైకి లేచింది.

"ఆ గుమ్మడికాయ నువ్వు కొయ్యకు, నాను కోత్తాను. నువ్వు కత్తి పడితే ఏటవుద్దో ఒకపాలి సూసేం కదా!"

కోడలు ధనలక్ష్మి కత్తిపీట వదిలేసి పెరట్లోకి వెళ్లిపోయింది. ఆమె బిడ్డ పుట్టిన కొద్దిరోజులకే పోయి ఏడాది కావస్తోంది. గుండె సరిగా ఏర్పడలేదని డాక్టర్లు చెప్పారు. సన్యాసమ్మ మాత్రం, గ్రహణం వేళ కోడలు కూరలు తరగడం వల్లేనని ఇంటికొచ్చిన ప్రతివాళ్లకీ చెప్తూనే ఉంది.

లాబ్‌కి బయల్దేరుతున్న కూతురు యశస్విని గుమ్మంలో ఆగిపోయింది. చేప పిండాల్లో గుండె ఎలా రూపు కడుతుందో, ఎక్కడ దారి తప్పుతుందో పరిశోధించడం ఆమె పని. నెల రోజులుగా ఒక్క ప్రయోగమూ కుదరడం లేదు. అక్కడ పిండాలు మాట వినవు, ఇక్కడ అమ్మ వినదు.

"ఎన్నిసార్లు చెప్పాలమ్మా? ఆ గ్రహణం వదినకి ఐదో నెల్లో వచ్చింది. బిడ్డ గుండె రెండో నెల దాటేసరికే రూపు కట్టేస్తాది. కత్తికీ దానికీ ఏ సంబంధమూ లేదు."

"సేప గుడ్లు సూసుకునేదానివి, మనుషుల పిల్లల సంగతి నీకేటి తెలుసు? మరెందుకలాగైందో సెప్పు!"

ఇన్నేళ్లుగా యశస్విని వెతుకుతున్నదీ అదే.

"ఎందుకో మాకూ పూర్తిగా తెలీదు."

"తెలీనప్పుడు దాని తప్పు కాదని ఎలాగంతన్నావ్?"

"తెలీనప్పుడు ఒకరి నెత్తిన రుద్దకూడదు గనక! ఏడాదిగా వదినని మాటలతో పొడుస్తన్నావ్. నీ బిడ్డే పోయుంటే తెలిసేది!"

సన్యాసమ్మ చేతిలో గుమ్మడిముక్క అలాగే ఉండిపోయింది.

"పోయేడు" అంది.

యశస్వినికి అర్థం కాలేదు.

"మీ అన్న కంటే ముందు. ఏడిస్తే నీలంగా అయిపోయేవోడు. గుండె జబ్బన్నారు. ఏడో నెల్లో సబ్బవరంలో నాట్లకెల్లేను. వంగి వంగి బిడ్డని నలిపేసేవని మా అత్త సచ్చేదాకా అంది. నిజమే అనుకున్నాను."

యశస్విని చెప్పులు విడిచి వచ్చి తల్లి పక్కన నేల మీద కూర్చుంది. ఇందాక తాను అన్న మాట వెనక్కి తీసుకోవాలనిపించింది.

"యశా... ఏడో నెలకి ఆడి గుండె..."

"అప్పటికి ఎప్పుడో తయారైపోయుంటాదమ్మా. నాట్ల వల్ల కాదు."

"సత్తెంగా?"

"సత్తెంగా."

సన్యాసమ్మ కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. ఇన్నేళ్లూ మోసిన నింద తనది కాదు. అదే నిందను తనే తీసుకెళ్లి కోడలి నెత్తిన పెట్టింది.

పెరటి గుమ్మంలో ధనలక్ష్మి అంతా వింటూ నిలబడి ఉంది. అత్త లేచి వెళ్లి ఆమె చెయ్యి పట్టుకుంది.

"తప్పైపోనాదే అమ్మా. మా అత్త నన్నన్న మాటలన్నీ నిన్నన్నాను."

ధనలక్ష్మి చెయ్యి విడిపించుకుంది. ఏడాది కోపం ఒక్క మాటతో పోయేది కాదు. గోడ వైపు తిరిగింది. అటు చూస్తూనే అడిగింది.

"మీ బాబుకి పేరెట్టేరా, అత్తా?"

ఎవరూ ఇంతవరకూ అడగని ప్రశ్న అది.

"అప్పలసూరి" అంది సన్యాసమ్మ.

ధనలక్ష్మి అత్త వైపు తిరిగింది.