కాలందని సైకిల్

యేసమ్మ జొన్నరొట్టె తిప్పుతూ కూతురి వైపే చూస్తోంది. లిడియా జడ బిగించుకుంటోంది. మంత్రసాని చదువు ముగించుకుని మెదక్ వచ్చిన పిల్లకు టేక్మాల్ వైపు పల్లెలు అప్పగించారు. బస్సు పోని ఊళ్లు. బండ్ల బాట, మొరం, వాగు, మోదుగ అడవి.

"మొన్న గా బాటల చిరుత మేకను ఎత్కపోయిందట," అంది యేసమ్మ.

"మేకకు సైకిల్ లేకుండె అవ్వా!"

వడ్రంగం పని చేసే తండ్రి లాజరు నవ్వలేదు. ఆయనకు చిరుత కంటే మనుషుల భయం ఎక్కువ. అడవిలో ఒంటరి పిల్లను ఎవడైనా ఆపితే? ఆ మాట నోటికి రాలేదు. "నడువు, సైకిల్ చూద్దాం," అన్నాడు.

దుకాణంలో జనార్దన్ రెండు బండ్లు బయటపెట్టాడు. "చెల్లెకు లేడీస్ బండి మంచిగుంటది."

"గుంతలల్ల ఆగదు. ఆ మగోళ్లదే ఇయ్యి," అన్నాడు లాజరు.

తండ్రి బాట గురించి ఆలోచించాడని లిడియా మురిసిపోయింది. చీరతో అంత ఎత్తు కడ్డీ మీదుగా కాలు వేయలేక నాలుగు రోజుల్లో మానుకుంటుందని లాజరు లెక్క.

లిడియా నాట్లకు పోయే ఆడవాళ్లలా గోచి పోసి కట్టింది. రాయి మీద నిలబడి ఎక్కింది. పడింది. మోకాలు చీరుకుంది. మళ్లీ ఎక్కింది. ఒక పొద్దున కాన్పు ఉందని కబురొస్తే వెళ్లిపోయింది.

పొద్దు వాలినా రాలేదు.

"ఎక్కాలంటే దానికి రాయి కావాలె. వాగుల రాయి యాడుంటది?" అంది యేసమ్మ. "గంత ఎత్తుది ఎందుకు కొన్నవ్?"

"పోవద్దనే కొన్న. ఎక్కరాక ఇంట్లుంటదనుకున్న."

యేసమ్మ ఆయన ముందుకొచ్చి నిలబడింది. "నాకు భయం లేదా? నేను నోటితోటి చెప్పిన. నువ్వు బండితోటి బిడ్డ కాళ్లు విరగ్గొడ్తవా?"

లాజరు చెప్పులు కూడా వేసుకోలేదు. మొరం బాటలో చక్రం గీత వెంబడి పరుగులాంటి నడక నడిచాడు. వాగు ఇసుకలో గీత వంకర తిరిగింది. మనిషి పడిన గుంత. పక్కన నల్లబడిన నెత్తురు. అక్కడి నుంచి చక్రం పక్కనే అడుగులు, ఒక కాలు ఈడ్చిన అడుగులు.

"లిడియా!"

మోదుగల వెనక ఎండుటాకులు గలగలమన్నాయి. లిడియా సైకిల్ తోసుకుంటూ కుంటుతూ వచ్చింది.

"పొద్దుగాల పోతుంటే ఇసుకల కాలందక పడ్డ నాయినా. మళ్ల ఎక్కరాలే. నడిచి పోయేసరికి కాన్పుకున్నామె సోయి తప్పి ఉంది. ఇంక జర ఆలస్యమైతే తల్లి దక్కకపోవు."

లాజరు ఇసుకలో కూలబడ్డాడు. "నీ కాలందొద్దనే కొన్న బిడ్డా."

లిడియా సైకిల్ వదిలేసింది. తర్వాత ఆయన పక్కన కూర్చుంది.

"నాకు భయం లేదనుకున్నవా? పొదల చప్పుడైతే గట్టిగ పాటెత్తుకుంట. ఇంట్ల చెప్తే ఆపుతరని చెప్పలే." ఆయన చెయ్యి పట్టుకుంది. "నువ్వన్న చెప్పొద్దా నాయినా?"

ఆయన తువ్వాలు చింపి ఆమె మోకాలికి కట్టాడు. ఇద్దరూ ఏడుస్తూనే ఇల్లు చేరారు.

కాలు నయమయ్యాక మళ్లీ దుకాణానికి వెళ్లారు. "లేడీస్ బండే, కని గుంతలకు ఆగేది," అన్నాడు లాజరు. జనార్దన్ జోడు కడ్డీలది, టైర్లు లావున్నది తెచ్చాడు. లిడియా సీటు మీద కూర్చుంది. లాజరు వంగి, నేలకు ఆనిన ఆమె మడమ కింద అరచేయి దూర్చబోయాడు. దూరలేదు. రెండో కాలి కిందా దూరలేదు.

"గిది ఇయ్యి," అన్నాడు, తల ఎత్తకుండానే.