బుధవారం నిమ్మకాయ

"పదకొండుకి సుకుమారిని చంపేస్తారు. ఆమె కవర్ పోయింది, ఆ సంగతి ఆమెకి తెలీదు," అన్నాడు చీఫ్ శాటిలైట్ ఫోన్లో. "టైమెంత?"

"పదింబావు, సర్."

సోమశిల జలాశయం అవతలి ఒడ్డున, విదేశీ ముఠా నడిపే గెస్ట్ హౌస్‌లో సుకుమారి ఆర్నెల్లుగా వంటమనిషి వేషంలో ఉంది. ఆమె దగ్గర ఫోనుండదు. చుట్టూ తిరిగి రోడ్డున పోతే రెండు గంటలు, నీళ్ల మీద ఇరవై నిమిషాలు. ఏజెంట్ రాజమోహన్ చేపల వ్యాపారిలా లుంగీ ఎగగట్టి బోటెక్కాడు. వెనక మోటారు దగ్గర కామయ్య. సంగం ఊళ్లో ముప్ఫై ఏళ్లు మోటార్లు బాగుచేసిన చెయ్యి అతనిది. మధ్యలో ఏజెంట్ దివ్యశ్రీ. ఈ మిషన్‌కి ఆమె లోకల్ గైడ్, ఉదయగిరి అమ్మాయి. నల్లకళ్లద్దాలు పెట్టుకుంటే ఆ ఇనప బోటుకే కొత్త రంగు వేసినట్టుంది.

నీళ్ల నడుమకి వచ్చాక మోటారు దగ్గి ఆగిపోయింది. టైము పదిన్నర. చుట్టూ మైళ్లకొద్దీ నీళ్లు, పైన ఎండ, ఉన్నది ఒకే తెడ్డు. రాజమోహన్ వాచీలో లేజర్ ఉంది, పెన్నులో కెమెరా ఉంది. చచ్చిన మోటారు ముందు రెండూ దండగే. సుకుమారి ఈపాటికి ఉల్లిపాయలు తరుగుతూ ఉంటుందనుకుంటూ అతను మళ్లీ టైము చూసుకున్నాడు.

కామయ్య ప్లగ్గు విప్పి, మోటారు బాడీకి ఆనించి తాడు లాగాడు. నిప్పు రాలేదు. కొత్త ప్లగ్గు పెట్టినా రాలేదు. పాయింట్లను గరుకు కాగితంతో రుద్దినా అంతే. పది నలభై అయింది.

"పెట్రోలు ఉండాది, కంప్రెషన్ ఉండాది. కరెంటే రాలా సార్. యాడో బాడీకి తగిలి చస్తా ఉండాది," అన్నాడు.

స్టాప్ స్విచ్ వైరు చూడమన్నాడు రాజమోహన్. ఆ వైరు దిగే చోట మోటారు మూతకి దిష్టి కట్టి ఉంది, నిమ్మకాయా ఏడు మిరపకాయలూ. రాజమోహన్ చెయ్యి చాపగానే కామయ్య అడ్డుపడ్డాడు.

"దాన్ని తీయబాకండి సార్. నీళ్ల మీద ఉండాం."

చాపిన చెయ్యి ఆగింది. నిమ్మకాయ పచ్చిగా నిగనిగలాడుతోంది. గుచ్చింది దారంతో కాదు, రాగి తీగతో. దాని కొస మూత కిందికి, స్టాప్ స్విచ్ వైరులోకి పోయింది.

"ఎవరు కట్టారు?"

మేడమ్ పొద్దున కట్టినారని, మోటారు ఆగేముందు దాన్ని సర్దినారని కామయ్య చెప్పాడు. దివ్యశ్రీ నవ్వింది. తమ ఊళ్లో అలవాటేనంది.

రాజమోహన్ ఊడదీసిన ప్లగ్గు వైరు చేతిలోకి తీసుకున్నాడు. "ఈరోజు ఏ వారం, కామయ్యా?"

"బుధవారం," అన్న కామయ్య అక్కడే ఆగిపోయాడు. శనివారం కట్టే దిష్టిని బుధవారం కట్టినవాళ్లని అతను పుట్టి చూడలేదు.

దివ్యశ్రీ చేతిలోకి పిస్టల్ వచ్చింది. సుకుమారి పేరు ముఠాకి అమ్మింది తనేనని ఒప్పుకుంది. ఎవర్నీ కాల్చాల్సిన పనిలేదట, పదకొండు దాకా ఇలాగే కూర్చుంటే చాలట. తడిసిన ఇనప అంచు మీద ఎడమ చెయ్యి ఆనించి, తాపీగా టైము చూసుకుంది.

కామయ్య ముఖం ఎర్రబడింది.

"వారం తప్పి కట్టింది దిష్టే కాదు సార్," అంటూ నిమ్మకాయని తీగతో సహా పీకేశాడు.

పిస్టల్ అతని వైపు తిరిగింది. రాజమోహన్ ప్లగ్గు వైరుని ఆమె మణికట్టుకి నొక్కాడు. కామయ్య తాడు లాగాడు. ముప్ఫై ఏళ్ల నాటి మోటారు తన కరెంటంతా ఆమెకే ఇచ్చింది. పిస్టల్ నీళ్లలో పడింది. ఆమె చేతుల్ని చేపల వలతోనే కట్టేశారు.

ప్లగ్గు బిగించగానే మోటారు రెండో లాగుకి అందుకుంది. పది యాభై ఎనిమిదికి గెస్ట్ హౌస్ రేవులో "బొచ్చెలో, బొచ్చెలు" అని చేపలమ్మేవాడిలా రాజమోహన్ అరిచాడు. పారిపొమ్మనడానికి అదే కోడ్ వర్డ్. సుకుమారి చేతిలో గరిటెతోనే పరిగెత్తుకొచ్చి బోటులో దూకింది. తుపాకులు రేవుకి వచ్చేసరికి బోటు వాటికి అందని దూరంలో ఉంది. ఆమె బతికి ఎదురుగా కూర్చుంటే రాజమోహన్ కళ్లు తడిశాయి. చేపల కంపు వల్లేనని సర్దిచెప్పుకున్నాడు.

మర్నాడు రిపోర్టులో 'ఆలస్యానికి కారణం' అన్న చోట అతను 'దిష్టి' అని రాశాడు. చీఫ్ కొట్టేయలేదు. కింద ఇంకో ముక్క చేర్చాడు: ఇకమీదట ఏజెంట్లకి ట్రైనింగులో వారాలు కూడా నేర్పవలెను.