జ్వాలప్పకి గొంతు నొప్పి

లలిత్ మూడు వారాల పాటు గర్జన ప్రాక్టీసు చేశాడు. బాత్రూమ్‌లో చేశాడు, ఆఫీసు క్యాబ్‌లో మాస్కు పెట్టుకుని చేశాడు. బ్రూక్‌ఫీల్డ్‌లో అతనుండే అపార్ట్‌మెంట్ వాళ్ళు "మూడో ఫ్లోర్‌లో ఎవరైనా కుక్కని కొడుతున్నారా?" అని వాట్సాప్ గ్రూపులో అడిగారు కూడా.

ఇదంతా ఒక డ్రాగన్ కోసం.

ప్రతి ఆదివారం మధ్యాహ్నం అతని డైనింగ్ టేబుల్ చుట్టూ ఒక ఆట నడుస్తుంది. లలిత్ కథ చెబుతాడు. అందులో రాజులకీ రాక్షసులకీ గొంతు అతనిదే. మిగతావాళ్ళు తలో పాత్ర. మస్తాన్ వీరుడు, ఫర్హానా మంత్రగత్తె. ఎవరేం చేయబోయినా అది కుదిరిందో లేదో ఇరవై ముఖాల పాచిక తేలుస్తుంది. పెద్ద అంకె పడితే పనైనట్టు, చిన్నది పడితే బెడిసికొట్టినట్టు. నాలుగు నెలలు కథ నడిచాక, ఆ రోజు కొండగుహలోంచి తొమ్మిది వందల ఏళ్ళ కరాళజ్వాలుడు బయటికి రావాలి.

వచ్చాడు. లలిత్ కుర్చీ ఎక్కి మరీ గర్జించాడు. ఫర్హానా చేతిలో బజ్జీ జారి కింద పడింది. మస్తాన్ కత్తి దూసినట్టు స్కేలు దూశాడు.

ఫర్హానా ఆ రోజే కొత్తగా తీసుకొచ్చిన అమ్మాయి మాత్రం బడిపిల్లలా చెయ్యెత్తింది.

"ఒక్క నిమిషం. దానికి గొంతు నొప్పి ఉండాదా?"

"ఏంటండీ?"

"అరుపు బొంగురుగా వస్తా ఉండాది. ఎన్ని దినాలైంది ఇట్ల?"

ఆమె పేరు హరిణి. పుట్టి పెరిగింది యలహంకలో. చేసేది పశువుల డాక్టరు ఉద్యోగం. ఆటలో కూడా వైద్యురాలి పాత్రే ఎంచుకుంది.

"ఇది డ్రాగనండీ. ఊళ్ళు తగలబెడుతుంది" అన్నాడు లలిత్, గౌరవం తగ్గకుండా.

"గొంతులో అంత మంట పెట్టుకొని, తగలబెట్టక ఇంకేం చేస్తుందప్పా? నోరు తెరవమని చెప్పు, చూస్తా."

పాచిక వేసింది. ఇరవై.

ఇరవై పడ్డాక కాదనడానికి కథ చెప్పేవాడికి కూడా హక్కు లేదు. లలిత్ కుర్చీ మీద నిలబడే, అందరూ చూస్తుండగా "ఆ..." అని నోరు తెరిచాడు. హరిణి ఫోన్‌లో టార్చి వెలిగించి లోపలికి చూసింది.

"ఎర్రగా అయిపోయి ఉండాది. ఉప్పు నీళ్ళు పుక్కిలించాల. రెండు వారాలు ఊళ్ళు తగలబెట్టేది బంద్."

ఆ వైద్యం డ్రాగన్‌కి చెప్పిందో తనకి చెప్పిందో లలిత్‌కి తెలియలేదు. ఆ సాయంత్రం ఉప్పు నీళ్ళు మాత్రం పుక్కిలించాడు.

అప్పటి నుంచి కరాళజ్వాలుడు కాస్తా జ్వాలప్ప అయిపోయాడు. హరిణి ప్రతి ఆదివారం రెండు బస్సులు మారి వచ్చేది. వస్తూనే పేషెంటుని పలకరించేది.

"జ్వాలప్పా, తిన్నావా?"

"రెండు ఎద్దులు."

"పచ్చివా?"

"కాల్చుకున్నాను."

"వేడివి తినొద్దని చెప్పినా కదా! ఎవరి మాటా వినేది లేదా నువ్వు?"

సొంత గొంతుతో అయితే లలిత్ ఆమెతో "నీళ్ళు కావాలా అండీ" దాటి ఒక్క మాట మాట్లాడలేడు. డ్రాగన్ గొంతులో మాత్రం మాటలు వాటంతటవే వచ్చేసేవి. ఆట అయ్యాక ఫోన్‌లో పెట్టే మెసేజీలు కూడా జ్వాలప్ప పేరుతోనే పెట్టేవాడు. ఒక ఆదివారం పెద్ద వాన. హరిణి తడిసిన జుట్టు దుపట్టాతో తుడుచుకుంటూ లోపలికి వచ్చింది.

"తొమ్మిది వందల ఏళ్ళలో చాలా వానలు చూశాను" అన్నాడు జ్వాలప్ప గంభీరంగా. "బెల్ కొట్టి లోపలికొచ్చిన వాన ఇదొక్కటే."

హరిణి ముఖం దుపట్టాలో దాచుకుని నవ్వింది. "జ్వాలప్ప భలే మాటకారి. ఆ కథ చెప్పే ఆయప్పే ఎప్పుడూ ముఖం ముడుచుకొని ఉంటాడు."

ఇదంతా చూస్తూ మస్తాన్ ఉడికిపోయాడు. రెండు వారాలు ఓర్చుకున్నాడు. మూడో ఆదివారం ఇక తట్టుకోలేక స్కేలు టేబుల్ మీద విసిరాడు.

"మామా! నాలుగు నెలల నుంచి కత్తి నూరుతున్నా. ఇది యుద్ధమా, పెళ్ళిచూపులా?"

లలిత్ చెవులు ఎర్రబడ్డాయి. తన మనసు బయటపడిపోయిందన్న కంగారులో ఏం చేస్తున్నాడో అతనికే తెలియలేదు. "వీరుడి కత్తి డ్రాగన్ గుండెల్లో దిగింది. కరాళజ్వాలుడు నేలకూలాడు" అని గబగబా చెప్పేశాడు.

"ఆగు, ఆగు! నేను చూస్తా" అంటూ హరిణి పాచిక అందుకుంది.

"అక్కర్లేదండీ. చచ్చిపోయింది. కథ అంతే."

ఆమె చెయ్యి అక్కడే ఆగిపోయింది.

"నా దగ్గరికి వచ్చేవన్నీ బతకవు. అది నాకి తెలుసు" అంది మెల్లగా. "అయితే చెయ్యి వేసి చూడనీకుండా ఎవరూ తీసుకొని పోరు."

బ్యాగు తగిలించుకుని వెళ్ళిపోయింది. లిఫ్టు తలుపు మూసుకున్న చప్పుడు వినిపించాక మస్తాన్ గొణిగాడు. "నాక్కూడా మజా రాలేదు మామా."

తర్వాతి ఆదివారం హరిణి రాలేదు. లలిత్ పంపిన పదకొండు సారీలకి నీలం టిక్కులు తప్ప జవాబు లేదు. శనివారం పొద్దున్నే ఫర్హానా దగ్గర అడ్రసు తీసుకుని యలహంక వెళ్ళాడు.

ఇంటి అరుగు మీద హరిణి వాళ్ళ అవ్వ అక్కయమ్మ అనపకాయల గింజలు ఒలుస్తూ కూర్చుంది.

"హరిణిగారి ఫ్రెండ్‌నండీ" అన్నాడు లలిత్.

"రా, కూచోప్పా. పిల్ల శానా బేజారుగా ఉండాది. ఎవరో జ్వాలప్ప పోయినాడంట. నీకి తెలుసునా ఆయప్ప?"

"బాగా తెలుసండీ."

"వయసెంత?"

"తొమ్మిది వందలు."

"తొంభై అని చెప్పప్పా. పెద్ద ప్రాణమే. ఎట్ల పోయినాడు?"

లలిత్‌కి ఒక్క అబద్ధం కూడా తోచలేదు. "నేనే చంపానండీ."

అక్కయమ్మ చీపురు అందుకుంది.

"అవ్వా! అది ఆటలోనే!" లోపలి నుంచి హరిణి పరుగెత్తుకొచ్చింది. సంగతంతా చెప్పాక అవ్వ చీపురు కింద పెట్టింది గానీ, చెయ్యి మాత్రం దాని మీద నుంచి తియ్యలేదు.

లలిత్ జేబులోంచి పాచిక తీశాడు. "తప్పు నాదే. ఆ రోజు మిమ్మల్ని వెయ్యనివ్వాల్సింది. ఇప్పుడు వెయ్యండి. ఏది పడితే అదే లెక్క."

హరిణి అతని ముఖంలోకి ఒకసారి చూసి, పాచిక అరుగు మీద వేసింది. అది దొర్లుకుంటూ వెళ్ళి అనపకాయల పొట్టులో దూరింది. ముగ్గురూ వంగి చూశారు.

మూడు.

"పోనీ... ఇంకోసారి వేస్తారా?" అన్నాడు లలిత్ దిగాలుగా.

"వద్దు. అట్ల చేయకూడదు." ఆమె కళ్ళు తడిగా ఉన్నాయి గానీ ముఖం తేలికపడింది. "ప్రయత్నం చేసినా. అది చాలు నాకి." పాచిక తీసి అతని చేతిలో పెట్టింది. "ఆదివారమైతే ఇంక నేను ఎవరితో మాట్లాడాల? మాటలన్నీ ఆయప్ప దగ్గరే కదా ఉన్నింది."

దాక్కోవడానికి ఇక డ్రాగన్ లేదు. లలిత్ నోరు తెరిస్తే అలవాటు కొద్దీ ముందు బొంగురు గొంతే వచ్చింది. దగ్గి సర్దుకున్నాడు.

"నాతో మాట్లాడండి. ఆ మాటలన్నీ నావే. వాన గురించి అన్నది కూడా. ఆదివారం ఎప్పుడొస్తుందా అని సోమవారం నుంచే చూస్తుంటాను. మీరంటే నాకు చాలా ఇష్టం."

"తెలుసు" అంది హరిణి.

"తెలుసా? ఎప్పటి నుంచి?"

"ఇల్లు చేరినారా, బస్సులో సీటు దొరికిందా అని ఏ డ్రాగన్ మెసేజ్ పెడుతుందప్పా? ఎప్పుడో ఒకప్పుడు నువ్వే చెప్తావని చూస్తా ఉంటే, నువ్వు పోయి ఆయప్పని చంపేస్తివి!"

అక్కయమ్మ ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. "ఏమే, చంపినోడు ఇతనే అంటివి కదా?"

"ఇతనే అవ్వా. చచ్చిపోయినోడూ ఇతనే."

అవ్వ లలిత్‌ని కింది నుంచి పై దాకా పరీక్షగా చూసింది.

"అట్లనే ఉండాడు పాపం. ఏమీ తినకుండా వచ్చినట్టుండాడు. లోపలికి పిల్చుకొని పో, ఇడ్లీ వేడిగా ఉండాది."

హరిణి గుమ్మంలో పక్కకి జరిగి దారిచ్చింది. లలిత్ చెప్పులు విప్పి లోపలికి నడిచాడు.