పసుపు గీత లేని బోల్టు

మొదటి రోజే ఆమె అతని బండి తాళం లాగేసుకుంది.

మందుల కొరియర్ కంపెనీలో అతను అప్పుడే చేరాడు. గోదాము నుంచి కొండ అవతలి క్లినిక్కులకు మందుల పెట్టె చేరవేయడం అతని పని. కంపెనీ ఇచ్చిన నీలం బండి మీద, బండ్లు బాగుచేసే షెడ్డులోకి దూసుకొచ్చి, ఆమె బెంచికి జానెడు దూరంలో బ్రేకు వేశాడు. హెల్మెట్ తల మీద లేదు. మోచేతికి వేలాడుతోంది.

"మీ తలకన్నా మోచేయి విలువైనదనుకుంటా," అంది ఆమె, చేతికంటిన గ్రీజు తుడుచుకుంటూ.

"మేస్త్రిగారెక్కడ?"

"మీ ఎదురుగా ఉంది."

అతను ఆమె వెనక్కి తొంగిచూశాడు. అక్కడ గోడ తప్ప ఇంకేం లేదు. ఈలోగా ఆమె చెయ్యి చాచి తాళం తీసి జేబులో వేసుకుంది. హెల్మెట్ పెట్టుకుని, గడ్డం కింద పట్టీ బిగించుకుని చూపిస్తే తప్ప ఇవ్వనంది. అతను ఎర్రబడ్డ మొహంతో షెడ్డు మేనేజరు గదికి వెళ్లి ఫిర్యాదు చేశాడు. లావుపాటి కళ్లజోడు పెట్టుకున్న ఆ మేనేజరు ఫైలులోంచి తల ఎత్తలేదు. ఆ అమ్మాయి తన అన్నకూతురేననీ, తన తాళం కూడా రెండుసార్లు లాక్కుందనీ చెప్పాడు.

ఆ రోజు నుంచి అతను ఆమెను వెక్కిరింపుగా మేస్త్రిగారూ అని పిలవడం మొదలుపెట్టాడు. అతని వేగం చూసి ఆమె తుఫాను అని పేరు పెట్టింది. షెడ్డంతటికీ అదే అలవాటైంది.

ఆమె కోపం వెనక భయం ఉంది. పడిపోయిన బండ్లను లారీలో తెస్తే విప్పేది ఆమే. వంగిన హ్యాండిల్, పగిలిన అద్దం, ఒకవైపే అరిగిపోయిన ఫుట్‌రెస్టు చూసి, మనిషి ఎటు పడ్డాడో, ఎంత దూరం జారాడో ఆమె చెప్పగలదు. చెప్పదు. విప్పిన రోజు మాత్రం సరిగ్గా అన్నం తినదు.

షెడ్డులో ఒక పద్ధతి ఉంది. మేస్త్రి బోల్టును ముందు వేళ్లతో తిప్పుతుంది. తర్వాత కొలత పెట్టిన రెంచితో బిగిస్తుంది. సరైన బిగువు రాగానే రెంచి టక్ మంటుంది. అప్పుడు బోల్టు మీదా, దాని పక్కనున్న లోహం మీదా కలిపి పసుపు రంగుతో ఒక గీత గీస్తుంది. బోల్టు కదిలితే గీత రెండు ముక్కలవుతుంది. బండి తీసుకునే ముందు రైడరు ప్రతి గీతనూ వేలితో ముట్టుకుని చూసి, పుస్తకంలో సంతకం చేయాలి. గీత వేయడం ఆమె బాధ్యత. చూడటం అతని బాధ్యత.

మొదట్లో తుఫాను చూడకుండానే సంతకం చేసేవాడు. ఆమె తాళం తీసుకునేది. నెల తిరిగేసరికి ఒంగి ముట్టుకోవడం మొదలుపెట్టాడు. రెండో నెలలో ముట్టుకుంటూ ఆమెకు వినపడేలా పైకి లెక్కపెట్టేవాడు. మూడో నెలలో లెక్క తప్పినట్టు నటించి మళ్లీ మొదటికొచ్చేవాడు, బెంచి దగ్గర ఇంకో రెండు నిమిషాలు గడపడానికి. అది నటనని ఆమెకు తెలుసు. తెలిసినట్టు కనపడకుండా తలవంచుకుని పని చేసుకునేది.

ఒకసారి అతను బండి నడుపుతూనే ఫోనెత్తి ఆమెతో మాట్లాడాడు. గాలి చప్పుడు వినపడగానే ఆమె ఫోను పెట్టేసింది. రెండు రోజులు పలకలేదు. మూడో రోజు అతనే వచ్చి మాటిచ్చాడు. చక్రం తిరుగుతున్నంతసేపూ ఫోను వెనక పెట్టెలో, మందుల పక్కన ఉంటుంది. మోగినా తీయడు. ఎవరు చేసినా తీయడు.

"నేను చేసినా?" అంది ఆమె.

"ముఖ్యంగా మీరు చేస్తే."

ఆ మాటకు ఆమె చాలాసేపు నవ్వుకుంది. ఆ మాటే తన మెడకు చుట్టుకుంటుందని అప్పుడు తెలియదు.

ఆ మధ్యాహ్నం వాన పడుతోంది. తుఫాను బండికి ముందు బ్రేకు పని ఉంటే ఆమె విప్పి సరిచేసింది. ముందు చక్రం బ్రేకును పట్టి ఉంచే రెండు బోల్టులను వేళ్లతో తిప్పి ఎక్కించింది. రెంచి అందుకోబోతుండగా అతను బెంచికి ఆనుకుని నిలబడ్డాడు. ఎందుకో ఆ రోజు లెక్కపెట్టలేదు, నవ్వలేదు.

"ఆదివారం మీకేమైనా పనుందా?"

ఆమె చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. "బాబాయ్ ఊరుకోడు."

"బాబాయ్‌ని కూడా రమ్మంటాను. వెనక సీటు ఆయనకే ఇస్తాను."

ఆమె నవ్వేసింది. అదే సమయానికి గదిలోంచి బాబాయ్ కేకేశాడు, కొండ అవతలి క్లినిక్కువాళ్లు మందుల కోసం రెండోసారి ఫోను చేశారని. అతను ఆమె మొహం చూస్తూనే పుస్తకంలో సంతకం చేశాడు. హెల్మెట్ పెట్టుకుని, పట్టీ బిగించి చూపించి, వానలోకి వెళ్లిపోయాడు. వెళ్తున్నవాడి వీపు కనపడినంతసేపూ ఆమె చూస్తూ నిలబడింది.

అరగంట తర్వాత ఇంకో బండి పనికి కూర్చుంది. రెంచి తీసుకుంది. పిడి మీద కొలత అంకె చూసింది.

అది పొద్దున వెనక చక్రానికి పెట్టిన అంకె.

ముందు బ్రేకుకు పెట్టే అంకె వేరు. ఎప్పుడూ మార్చే బిగిస్తుంది. ఇప్పుడు అంకె మారలేదంటే రెంచి వాడనే లేదు. పసుపు మార్కరు చూసింది. మూత పొద్దున ఎలా పెట్టిందో అలాగే ఉంది.

ఆ రెండు బోల్టులూ వేళ్లతో తిప్పినవే. కొండ ఎక్కేటప్పుడు బ్రేకుతో పెద్దగా పనిలేదు. దిగేటప్పుడు ప్రతి మలుపులోనూ నొక్కాలి. అదురుకు బోల్టు ఊడితే బ్రేకు మొత్తం తిరిగి చక్రం ఊచల్లో ఇరుక్కుంటుంది. చక్రం ఉన్నచోట ఆగిపోతుంది. మనిషి ఆగడు. అలాంటి బండిని ఆమె ఒకసారి విప్పింది.

ఫోను చేసింది. మోగుతోంది. తీయలేదు. మళ్లీ చేసింది. పదకొండుసార్లు చేసింది. ఎక్కడో వానలో, మందుల పక్కన, మూసిన పెట్టెలో అది మోగుతోందని ఆమెకు తెలుసు. ఈ ఒక్కసారికి మాట తప్పమని లోలోపల బతిమాలింది.

తర్వాత తప్పుల పుస్తకం తీసి రాసింది. ముందు బ్రేకు బోల్టులు బిగించలేదు, బండి బయటికి పంపాను. కింద సంతకం పెట్టి బాబాయ్ ముందు పెట్టింది. బోల్టు బిగించకుండా బండి పంపిన మేస్త్రి నెలరోజులు బెంచీ పనిముట్లూ ముట్టుకోకూడదన్నది ఆయనే పెట్టిన నియమం. ఆయన చదివి, కళ్లజోడు తీసి, వ్యాను తాళం తీసుకున్నాడు. ఆమె రెంచి, కొత్త బోల్టులు, మార్కరు పట్టుకుని ఎక్కింది.

కొండ దారిలో వాన ఇంకా గట్టిపడింది. వైపర్లు కొట్టుకుంటున్నాయి గానీ అద్దం తేటపడటం లేదు. ప్రతి మలుపులోనూ ఆమె అంచు వైపు చూస్తోంది, చూడకుండా ఉండలేక. బాబాయ్ వేగం పెంచలేదు. ఆమె తొందర పెట్టబోయి ఆగిపోయింది. ఆ వేగం ఆయనకు నేర్పింది తనే.

ఆరో మలుపు దగ్గర బస్సు, రెండు లారీలు ఆగి ఉన్నాయి. జనం గుంపుగా నిలబడ్డారు. వాళ్ల కాళ్ల సందుల్లోంచి రోడ్డు మీద పడివున్న బండి కనపడింది.

నీలం రంగు.

వ్యాను ఆగకముందే తలుపు తీసుకుని దూకింది. జనాన్ని తోసుకుని లోపలికి వెళ్లింది. రోడ్డు పక్కన కూర్చుని మోచేయి పట్టుకున్న మనిషి తలెత్తాడు. తుఫాను కాదు, వేరే ఎవరో. బండి కూడా వేరే కంపెనీది. తడి మట్టి మీద జారాడట. హెల్మెట్ ఒక పక్క గీసుకుపోయింది, లోపలి తల బాగానే ఉంది.

తెల్ల పెట్టె ఉన్న నీలం బండి ఏదైనా వెళ్లిందా అని అడిగింది.

"ఆయనే కదమ్మా నన్ను లేపి కూర్చోబెట్టింది. నా చెయ్యికి గుడ్డ కూడా కట్టాడు," అన్నాడతను. "మందులు ఆలస్యమవుతాయని కాసేపటి కిందటే పైకి వెళ్లాడు."

పైన ఇంకో రెండు మలుపులు. ఆ తర్వాత దిగుడే.

వ్యాను మళ్లీ కదిలింది. శిఖరం దగ్గర రోడ్డు చదునవుతుంది. అక్కడ బస్సుల కోసం వేసిన రేకుల షెల్టరు ఒకటి ఉంది. షెల్టరు కింద నీలం బండి స్టాండు వేసి ఉంది. దాని ముందు చక్రం దగ్గర ఒక మనిషి గొంతుకూర్చున్నాడు. తల మీద హెల్మెట్ ఇంకా తీయలేదు.

ఆమె వ్యాను దిగింది.

అతను లేచి వచ్చాడు. "ఫోనుకి ఇక్కడ సిగ్నల్ లేదు. కిందికి వెళ్లే బస్సు డ్రైవరుకి చెప్పి పంపాను, పంక్చరైంది, వ్యాను పంపమని."

"పంక్చరా?"

అతను బాబాయ్ వైపు చూసి గొంతు తగ్గించాడు. కింద పడ్డవాణ్ని లేపాక భయమేసిందనీ, దిగే ముందు ఒకసారి అన్నీ చూసుకుందామని ఆగాననీ చెప్పాడు. పసుపు గీతలు ఒక్కొక్కటే ముట్టుకుంటూ వచ్చాడు. ముందు బ్రేకు దగ్గర రెండు గీతలు లేవు. ఒక బోల్టు సగం బయటికొచ్చి ఉంది.

"నిజం చెబితే తప్పుల పుస్తకంలో మీ పేరెక్కుతుంది. అందుకే పంక్చరన్నాను."

"బయల్దేరే ముందే రాశాను," అంది ఆమె. అప్పుడు ఏడుపొచ్చింది. "నేను పదకొండుసార్లు చేశాను. నువ్వు తీయలేదు."

'మీరు' అన్న పిలుపు ఎప్పుడు పోయిందో ఇద్దరూ గమనించలేదు.

"తీయనని మాటిచ్చాను కదా."

"తీసుంటే చంపేసేదాన్ని. తీయకపోతే చచ్చిపోయాను."

అతను హెల్మెట్ తీశాడు. తడిసిన మొహంలో తుఫాను ఎక్కడా లేదు, భయపడిన మామూలు మనిషి ఉన్నాడు. "నీ ఒక్కదానిదే కాదు తప్పు. ఇవే గీతలు నేను షెడ్డులోనే చూడాలి. నీ మొహం చూస్తూ సంతకం చేశాను."

ఆమె కళ్లు తుడుచుకుంది. "అయితే విను. బండి దగ్గర నాతో ఆదివారాల గురించి మాట్లాడకు. నాకూ వేరే ఏమీ కనపడదు. నువ్వు రోజూ తిరిగి రావాలి. అది నాకు ఆదివారంకన్నా ముఖ్యం."

"రోజూ వస్తాను. అడిగింది అందుకే."

వెనకనుంచి బాబాయ్ దగ్గాడు. క్లినిక్కువాళ్లు ఎదురుచూస్తున్నారని గుర్తుచేశాడు. తను బెంచి ముట్టుకోకూడదని ఆమె అంటే, తప్పుల పుస్తకం కొండ కింద షెడ్డులో ఉంది, ఇక్కడ మేస్త్రివి నువ్వే అన్నాడు.

ఆమె చక్రం ముందు కూర్చుంది. పాత బోల్టులు తీసి, మరలు చూసి, కొత్తవి ఎక్కించింది. రెంచి మీద అంకె మార్చింది. బిగించింది. వాన చప్పుడులోనూ ఆ టక్ ముగ్గురికీ వినపడింది. రెండోసారి కూడా. మార్కరు తీసి గీసిన గీతలు వంకరగా వచ్చాయి. అతను ఒంగి ఆ రెంటినీ వేలితో ముట్టుకున్నాడు. అన్నింటినీ మళ్లీ మొదటినుంచి ముట్టుకున్నాడు. ఈసారి నటించలేదు.

దిగుడంతా అతను నెమ్మదిగా ముందు, వ్యాను వెనక. ఆమె అద్దంలోంచి ఆ ఎర్రటి బ్రేకు లైటునే చూసింది. మలుపు మలుపుకీ అది వెలిగి ఆరుతుంటే ఊపిరి పీల్చి వదిలింది. మందులు చేరాయి.

సాయంత్రం షెడ్డులో అతను తప్పుల పుస్తకం అడిగి తీసుకుని, ఆమె రాసిన వాక్యం కింద తనదీ రాశాడు. గీతలు చూడకుండా సంతకం చేశాను. బాబాయ్ రెండు వాక్యాలూ చదివి, రెంటి కిందా ఒకే సంతకం పెట్టాడు. రేపటినుంచి ఆమెకు నెలరోజులు బెంచి లేదన్నాడు. అతనికి వారంరోజులు బండి లేదు, గోదాములో పెట్టెలు మోయాలన్నాడు. ఇద్దరూ తలూపారు.

వాళ్లు గుమ్మం దాటుతుండగా మళ్లీ పిలిచాడు.

"ఆదివారం నాకు పనుంది, నేను రాను," అన్నాడు, కళ్లజోడు తుడుచుకుంటూ. "మీరిద్దరూ వెళ్లిరండి. బస్సులో."