పెద్దల వాటా నీళ్ళు

“ఆ ప్లాంట్లమ్మే ముఠా మన నీటిశుద్ధి ప్రయోగాన్ని ఆపదు, కూర్మారావ్. జరగనిచ్చి, జనాన్ని చంపి, వైఫల్యంగా చూపిస్తుంది. ఆపైన వాళ్ళ ప్లాంటు మనం కొనక తప్పదు. నీటిని నువ్వే పరీక్షించు.” బీజాపూర్ ఆఫీసులో చీఫ్ ఒక ఉంగరం ఇచ్చాడు. దాని రాయి కింద బలమైన అయస్కాంతం ఉంది, నీటిలో ఇనుప పొడి మిగిలితే పట్టేస్తుంది.

గోరెంపాడ వాగులో గని మురుగు, అందులో ఆర్సెనిక్. నానో ఇనుప పొడి ఆ విషాన్ని పట్టుకుంటుంది, ప్లాంటులోని విద్యుదయస్కాంతం ఆ పొడిని లాగేస్తుంది. ఆ అయస్కాంతం ఆగితే, ఆర్నెల్లుగా పట్టిన విషం మోస్తున్న పొడి నీటితో బయటికొస్తుంది, కడుపులోని ఆమ్లం ఆ విషాన్ని విడిపిస్తుంది.

పంపు ఫిట్టరు వేషంలో దిగిన కూర్మారావును ప్లాంటు ఇంజనీరు ఎస్తేరు చిరునవ్వుతో ఆపింది. ముఠాలో మన డబుల్ ఏజెంట్ ఆమె. చూపు తిప్పుకోనివ్వని అందం.

“వడపోత,” అన్నాడతను, కోడ్ వర్డ్‌గా.

“తేటనీరు. నేను పరీక్ష సేసీసినాను. ఉంగరం ఎందుకు, నా మాట సాలదా?”

చాలింది. కిరందుల్ లైనులో ఇద్దరి తండ్రులూ రైల్వే గార్డులు, క్వార్టర్లకు ఒకటే గోడ. అంతకు మించి విచారణ ఏం కావాలి?

ఊరికి తొలిసారి నీళ్ళు వదిలే రోజు. అందరూ చూస్తుండగా ముసలి హిడ్మే ప్లాంటు కుళాయి కింద ఆకుదొన్నెలో నీళ్ళు పట్టింది. లేత టీ రంగు. ఆ వాగు అలవాటైన కళ్ళకు అదే తేట.

“తాగవే అవ్వా!” అరిచారెవరో.

“ఏంది తొందర? పెద్దలు తాగినంక నేను తాగుత.”

చచ్చిన పెద్దల వాటాగా ఆమె కాసిని నీళ్ళు రాతిమీద వొలికించింది. రాతిపై ఆన్చిన కూర్మారావు ఉంగరమున్న వేలి వైపు ఆ తడి ముళ్ళై లేచింది. దొన్నె ఆమె పెదవికి తగలబోతోంది. అతను దాన్ని ఎగిరి తన్నాడు.

“ముసల్దాన్ని తంతవా? నీ చెయ్యి పడిపోను!”

“తన్నింది కాలవ్వా,” అంటూనే కుళాయి కట్టేసి, సంచిలోని పిస్తోలు అందుకోబోయిన ఎస్తేరు మణికట్టు పట్టుకున్నాడు. ఎన్నోసార్లు పట్టుకున్న చెయ్యే.

“ఎందుకు చేశావు?”

“మా తమ్ముడు ఆళ్ళ సేతుల్లో ఉన్నాడు.” ఆమె కళ్ళు తుడుచుకోలేదు. “నువ్వు పరీక్ష సేస్తావని ఎంత ఆశపడ్డానో తెల్సా?”

జీపు ఆమెను తీసుకుపోయింది. కూర్మారావు నివేదిక నింపాడు. “ఈ ఏజెంటును నమ్మదగినదిగా ధ్రువీకరించినవారు” అన్న గడిలో తన పేరు రాసి, అక్షరం అక్షరం సరిచూసుకున్నాడు. ఈ వ్యవహారం మొత్తంలో అతను జరిపిన తనిఖీ ఇదొక్కటే.